నాలుగో మనిషి

మా చోడవరంలో లక్ష్మీనరసింహం గారి మొహం లేని ఫోటో ఆల్బం దొరకడం కష్టం. అలాగని ఆయనేమీ పలుకుబడి గల మనిషి కాదు. రిజిస్ట్రారాఫీసులో నా పక్క సీటు గుమాస్తా. పెళ్లి లేదు. తల్లి మంచాన పడి ఏళ్ల తరబడి ఉంటే ఆవిడకు చేసుకుంటూ ఉండిపోయాడు. ఆవిడ పోయేసరికి సంబంధాలు చూసే వయసు కాస్తా దాటిపోయింది. మిగిలినవి ఒక గది, దాని ముందు చిన్న వరండా, సరదాకి కొనుక్కున్న ఒక కెమెరా.

అన్ని ఇళ్ల ఆల్బముల్లోకి ఆయన ఎలా దూరాడంటే, దానికి మా వైపు ఉన్న ఒక పట్టింపు కారణం. ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదంటారు. దిగితే ముగ్గురిలో ఒకరు పోతారట. ఎవరు చూసొచ్చారో నన్నడక్కండి. చదువుకున్నవాళ్లు కూడా "మాకు నమ్మకాల్లేవు గానీ ఎందుకొచ్చిన గొడవ" అంటూ నాలుగో మనిషి కోసం వీధిలోకి చూస్తారు. మొగుడూ పెళ్లాం ఒక బిడ్డా ఉన్న సంసారాలు ఊళ్లో బోలెడు. పుట్టినరోజులకీ అక్షరాభ్యాసాలకీ ఫోటో తీయమని నరసింహం గారిని పిలిచేవారు. ఆయన కెమెరాకి దానంతటదే నొక్కుకునే మీట ఒకటుంది. స్టూలు మీద కెమెరా పెట్టి, ఆ మీట తిప్పి, అది గిర్రుమంటుండగా పరిగెత్తుకెళ్లి చివర నిలబడేవాడు. అందుకే అన్ని ఫోటోల్లోనూ నోరు కాస్త తెరుచుకుని, బస్సు తప్పిపోతుందేమోనన్న కంగారుతో కనిపిస్తాడు.

జనం దృష్టిలో అది లెక్క సరిపెట్టడం. ఆయనకు మాత్రం ఆ కాసేపే పండగ. "ఒక సంసారం పక్కన నిలబడితే అదోలా ఉంటాదిరా బంగార్రాజూ" అనేవాడు నాతో. ఫోటో అయిపోగానే ఆయన చేతిలో స్వీటు పెట్టి పంపేసేవారు. ఇంటికెళ్లి తాళం తీసుకుని, ఒక్కడికి వండుకోవడం దేనికని ఆ స్వీటుతోనే సరిపెట్టుకున్న రోజులు నాకు తెలుసు. తెలిసీ నేను చేసిందల్లా, అప్పుడప్పుడు టీకి తీసుకెళ్లడం.

ఒక్క ఆయన ఎదురింటివాళ్లు మాత్రం ఫోటోతో పని లేకపోయినా ఆయన్ని పిలిచేవారు. సంతోష్‌కుమార్ షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. భార్య ఇందు, కూతురు ప్రజ్ఞ. రావికమతం వైపు నుంచి వచ్చి అద్దెకుండేవారు. ఇందు ఆయన్ని బాబాయ్ అనేది. పులుసు పెడితే ఒక గిన్నె ఈయన గదికి వెళ్లాల్సిందే. ఆ గిన్నె తిరిగివ్వడానికి ఈయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు.

కేబుల్ టీవీ ఊళ్లోకి వచ్చిన కొత్తలో ఒక ఛానల్లో ఆదివారం పొద్దున్న ఫోటోల పోటీ మొదలైంది. చూసేవాళ్లు ఫోటోలు పోస్టులో పంపాలి. గడ్డం ఉన్న ఒక జడ్జి వాటిని బోర్డుకి గుచ్చి, ఎక్కడ బాగుందో ఎక్కడ పాడైందో పుల్లతో చూపించేవాడు. నరసింహం గారు తనూ ఒక టీవీ కొనుక్కుని, ఆ పాఠాలు బుద్ధిగా నేర్చుకున్నాడు. జనాన్ని ఎండకి ఎదురుగా నిలబెట్టకండి, కళ్లు చికిలిస్తారు అన్నాడు జడ్జి. నిజమే, అంతవరకూ ఈయన ఫోటోల్లో ఊరంతా చింతకాయ కొరికినట్టు ఉండేది. అది బాగుపడింది. వెనకాల ఏముందో చూసుకోండి అన్నాడు. ఆ వారం నుంచి ఎవరింటికెళ్లినా ముందు దండెం మీది లుంగీలు తీయించడం, గోడమీది క్యాలెండరు దింపించడం మొదలుపెట్టాడు. వెంకటేశ్వరస్వామి క్యాలెండరు దింపమన్నందుకు మా అమ్మ ఆయనకు కాఫీ ఇవ్వలేదు. అయినా ఫోటో చూశాక ఒప్పుకుంది.

చెరుకు ఆడే రోజుల్లో ఒకనాటి పొద్దున్న, మంచు ఇంకా వీడకుండా పక్కనుంచి పల్చటి ఎండ పడుతుంటే, ఎదురింటి మెట్ల మీద ఇందు కూతురికి జడ వేస్తోంది. పక్కన సంతోష్ టీ తాగుతున్నాడు. ఈయన కెమెరాతో పరిగెత్తాడు. ఇందు చెయ్యెత్తి ఆపింది. "ఉండండి బాబాయ్, ముగ్గురమే ఉన్నాం. మీరూ రండి" అంది. ఈయన మీట తిప్పి ఉరికాడు, మెట్టు దగ్గర చెప్పు జారింది. పడబోయి నిలదొక్కుకున్నాడు. ఆయన్ని చూసి ముగ్గురూ పగలబడి నవ్వారు. అదే ఫోటోలో పడింది. ఆయన తీసినవాటిలో అంత ప్రాణమున్న ఫోటో నేను చూడలేదు.

దాన్ని పోటీకి పంపాడు. "ప్రైజు నాకక్కర్లేదురా. ఆళ్ల పక్కన నేను టీవీలో కనపడితే సాలు" అన్నాడు. యాభై దాటిన మనిషి ఆ మాట అంటుంటే నేను ఫైలు తిరగేశాను.

ఫలానా ఆదివారం చూపిస్తామని ఛానల్ నుంచి కార్డొచ్చింది. ఆ రోజు ఆయన గదిలో ఎప్పుడూ లేనంత జనం. సంతోష్ మాడుగుల హల్వా తెచ్చాడు. ప్రజ్ఞ టీవీకి ముక్కు ఆనించి కూర్చుంది. ఫోటో రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. జడ్జి వెలుగును మెచ్చుకున్నాడు, నవ్వుల్ని మెచ్చుకున్నాడు. తరవాత పుల్ల కుడివైపుకి జరిపాడు. "ఈ పెద్దమనిషి ఎవరో గాని, ఈయనకీ ఈ కుటుంబానికీ సంబంధం లేదు. చూడండి" అంటూ ఒక తెల్ల అట్టముక్క తీసి నరసింహం గారి మీద పెట్టాడు. "ఇప్పుడు పూర్తయింది. ఫోటోలో ఎవరు అక్కర్లేదో కనిపెట్టడమే అసలు విద్య."

"తాతేడీ?" అంది ప్రజ్ఞ, టీవీ వెనక్కి తొంగిచూస్తూ.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు నవ్వింది ఎవర్ని చూసి? ఆయన పడబోకపోతే ఆ నవ్వే లేదు. వెలుగు తెలుసు, గోడలు తెలుసు, ఇది మాత్రం ఆ గడ్డానికి తెలియదు. కానీ అట్టముక్క పెట్టాక బొమ్మ నిజంగానే చక్కగా కనిపించింది. అది అందరికీ కనిపించింది.

చివరికి సంతోషే ఓదార్చబోయాడు. "ఆడికేటి తెలుసు బాబాయ్? ముగ్గురు దిగకూడదని ఆడికెవలు సెప్తారు? మీరు లేకపోతే ముగ్గురమైపోమా?" అన్నాడు. పాపం మంచికే అన్నాడు. ఇందు మొగుడి వంక గుడ్లురిమి చూసింది. నరసింహం గారు తలూపి, అందరికీ హల్వా పంచాడు.

ఆ రోజుతో ఆయన ఫోటోల్లో నిలబడడం మానేశాడు. ముగ్గురున్న చోట పక్కింటి అచ్చియ్యమ్మ గారినో, దారేపోయే మరొకర్నో పిలిచి నిలబెట్టేవాడు. ఫోటోకి ఆయన్ని పిలిచినవాళ్లు పెద్దగా నొచ్చుకునేవారు కూడా కాదు. ఎవరైతేనేం, నలుగురయ్యారు కదా. ఆదివారాలు టీవీ మాత్రం మానలేదు. పలక ముందు పిల్లాడిలా దాని ముందు కూర్చుని, ఆ జడ్జి చెప్పినవన్నీ తలూపుతూ వినేవాడు. నేను తిడితే, "ఆయన సెప్పింది తప్పు కాదు గదరా" అనేవాడు. ఆ మాటకి నాకు ఇంకా కోపమొచ్చేది.

మరుసటేడు ఇందుకి కొడుకు పుట్టాడు. ఆ వెంటనే సంతోష్‌కి గాజువాకలో ఉద్యోగం దొరికింది. సామాన్లు వ్యానుకెక్కించే రోజున నేనూ సాయం వెళ్లాను. బయల్దేరే ముందు ఫోటో అనుకున్నారు. నరసింహం గారు వాళ్లని గుమ్మం పక్కగా, వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోబెట్టాడు. మొగుడూ పెళ్లాం, గుంట ప్రజ్ఞ, ఒళ్లో పసివాడు. వెనక దండెం ఖాళీ. నేలమీద తాడుముక్క కూడా లేకుండా ఏరేశాడు.

"మీట తిప్పి వచ్చీండి బాబాయ్" అంది ఇందు.

"నేనెందుకమ్మా? నలుగురయ్యేరు గదా ఇప్పుడు."

"నలుగురికోసం కాదు. మీరు కావాల. ఆ ఊళ్లో గోడకి పెట్టుకుంటాను, వచ్చినోళ్లకి మా బాబాయని సూపించుకుంటాను."

ఆ మాట కోసమే కదా ఈ మనిషి ఇన్నేళ్లూ స్టూళ్ల దగ్గర్నుంచి పరిగెత్తింది. వెళ్లండి, వెళ్లండని నేను మనసులో అరుస్తూనే ఉన్నాను. ఆయన చెయ్యి మీటదాకా వెళ్లింది. మళ్లీ వెనక్కొచ్చింది.

"వద్దమ్మా. నేనుంటే బొమ్మ పాడైపోద్ది" అని నొక్కేశాడు.

ఇందు పసివాణ్ణి ఎత్తుకుని లేచింది. వ్యానెక్కేదాకా ఆయన వైపు చూడలేదు. ఏడుస్తోందని ఆయనకు తెలియలేదు, కెమెరా తోలుసంచీలో పెట్టుకుంటున్నాడు. వ్యాను సందు తిరిగాక, వీధిలో మేమిద్దరమే మిగిలాం. ఇల్లుగలాయన వచ్చి ఎదురింటికి తాళం వేసుకుపోయాడు.

కొన్నాళ్లకి ఫోటో కడిగించి ఆఫీసుకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వేలు పెట్టి తప్పు చూపించడానికి లేదు. వెలుగు, గోడ, మొహాలు, అన్నీ కుదిరాయి. తీసెయ్యాల్సినవాళ్లు ఎవరూ లేరు.

"బాగుందండి. టీవీకి పంపుతారా?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"దేనికిరా?" అన్నాడు. "ఇందులో నేను లేను గదా."

ఫోటో సొరుగులో పెట్టేసి, బయట ఎదురుచూస్తున్న బుచ్చయ్యపేట రైతుని దస్తావేజు తీసుకురమ్మని పిలిచాడు.