మా సిగ్గు తీసిన ఉదయ్‌భాస్కర్

ఉదయ్‌భాస్కర్‌కు మా కంపెనీ జీతమిచ్చింది మమ్మల్ని మోసం చేయడానికే. ఆ జీతానికి ఆయన ఏనాడూ అన్యాయం చేయలేదు. ఇప్పుడాయన చందనవెల్లిలో డేటా సెంటర్‌కు వెళ్లిపోయాడు. మాకొచ్చే మెయిళ్లన్నీ నిజమైనవే. చదవబుద్ధి కాదు.

మొయినాబాద్‌లో మాది బంగారం మీద అప్పులిచ్చే చిన్న ఫైనాన్స్ కంపెనీ. యజమాని భద్రయ్య సేటు, కంప్యూటర్ దొంగల నుంచి కాపాడమని ఉదయ్‌భాస్కర్‌ను తెచ్చుకున్నాడు. వచ్చిన వారంలోనే 'అందరికీ దావత్' అని విందుకు పిలుస్తూ మెయిల్. అందులోని లింకు నొక్కాను. తెర నిండా ఉదయ్‌భాస్కర్ పెట్టిన ఎర్రటి అక్షరాలు: 'దొరికిపోయారు! చాయ్‌కి రండి.'

శిక్ష అదే. రోడ్డవతలి హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి, ఎక్కడ మోసపోయామో నవ్వుతూ చెప్పేవాడు.

"చూడన్నా, పంపినోడి అడ్రస్‌ల ఒక అక్షరం ఎక్కువున్నది. దావత్ అనంగనే నువ్వు ఆగలేకపోయినవ్."

దొంగ మెయిళ్లలో పార్సిల్ వచ్చిందనేవాడు, కరెంటు కట్ చేస్తామనేవాడు. చివరికి మేము దేన్నీ నమ్మని స్థితికి చేరాం. దసరా బోనస్ మెయిల్‌ను ఒక్కరూ తెరవలేదు. "బోనస్ ఇస్తనంటే తీసుకోరేందిరా?" అని సేటు తల పట్టుకున్నాడు. ఉదయ్‌భాస్కర్ పంపిన సొంత పెండ్లి కార్డుకూ అదే గతి. పెళ్లికూతురు అక్షిత స్వయంగా ఆఫీసుకు రావాల్సి వచ్చింది.

"పెండ్లి నిజమే అన్నా. పిల్లను నేనే."

లోన్ల సెక్షన్ కవిత కళ్లద్దాలు సర్దుకుని, "జర ఆధార్ కార్డు చూపియ్యమ్మా" అంది.

ఎప్పుడూ దొరకనిది భద్రయ్య సేటు ఒక్కడే. "చిన్నప్పటి సంది దుకాణంల కూసున్నోణ్ని. నన్ను మోసం జేసేటోడు ఇంకా పుట్టలే" అనేవాడు.

ఒక సోమవారం పొద్దున ఆ సేటే ముఖం పాలిపోయి తన గదిలోంచి వచ్చాడు.

"ఉదయ్, ఆడిట్ నోటీసని ఒకటొచ్చింది. నువ్వు పంపిందేనా?"

"నేను పంపలే సార్."

"మరి నేను నొక్కిన."

ఉదయ్‌భాస్కర్ పరుగెత్తడం నేను చూసింది ఆ రోజే. వైర్లు పీకాడు, సర్వర్ ఆపాడు, చెప్పాల్సిన అధికారులందరికీ ఫోన్లు చేశాడు. సాయంత్రానికి తేలింది: పోయింది సేటు కంప్యూటర్ ఒక్కటే. ఇంకాస్త ఆలస్యమైతే మా దగ్గర నగలు పెట్టిన రైతులందరి లెక్కలూ దొంగల చేతికి పోయేవి.

"చెప్పకపోదును బిడ్డా, సిగ్గైంది" అన్నాడు సేటు. "కానీ ఈడ అందరూ దొరికినోళ్లే. నేను దొరికితే ఏంది అనిపించింది."

ఉదయ్‌భాస్కర్ ముఖం విప్పారింది. "నాకు గావాల్సింది గదే సార్. నొక్కినోడు భయపడి దాస్తడు సూడు, ఆ జరసేపే దొంగకు పండుగ. అందుకే అందరి సిగ్గు నేను ముందుగాలనే తీసేసిన."

ఇన్నాళ్లూ ఆయన మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడనే అనుకున్నాం.

మర్నాడు సేటు హాల్లో నిలబడి, ఖాతాదారుల ముందే తాను మోసపోయిన కథంతా చెప్పాడు. కొందరు నవ్వారు. మా పక్క ఊరు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన సత్తమ్మ మాత్రం కొంగులో మూటను గట్టిగా పట్టుకుని లేచింది.

"నువ్వు గూడనా సేటూ? పోలీసోళ్లమని నాకు ఫోన్ల మీద ఫోన్లు జేస్తున్నరు. పైసలు కట్టకుంటే నా కొడుకును జైల్ల ఏస్తరంట. సిగ్గై ఎవ్వరికీ చెప్పలే. గీ పుస్తెలతాడు కుదవపెట్టి కడదామని వచ్చిన."

ఉదయ్‌భాస్కర్ ఆమెను కూర్చోబెట్టాడు. "అవ్వా, ముందుగాల అది మెడల ఏసుకో. గాళ్లు పోలీసులు కారు, దొంగలు."

ఆమె కళ్లు తుడుచుకుంటుండగానే ఫోన్ మోగింది. అదే నంబరు. సేటు చటుక్కున అందుకున్నాడు.

"ఎస్సై సాబూ, సత్తమ్మతోని నీకేం గిట్టుబాటైతది? నేను పెద్ద ఫైనాన్స్ నడిపిస్తున్న. జర నన్ను అరెస్టు చెయ్యరాదూ!"

అవతల ఫోన్ పెట్టేశారు. సేటు నిరాశగా మా వైపు తిరిగి, "ఇంకా బేరమే షురూ చెయ్యలే" అన్నాడు.