బోర్లించిన మెట్టు

చిన్నప్పట్నుంచీ నాకు భయం ఎక్కువ. బల్లి మీద పడితే భయం, పోస్టులో పొడుగు కవరు వస్తే భయం. పరాయి దేశంలో, రిక్కార్టన్ అనే పేటలో ఉండి చదువుకునే రోజుల్లో వీటన్నిటినీ మింగేసే భయం ఒకటి పట్టుకుంది. ఉన్న గది ఎక్కడ పోతుందోనని.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు జరిగిన సంగతి ఇది. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. మొదట ఉన్న ఫ్లాట్‌లో ఆరుగురం, ఒక్కటే బాత్రూమ్. చదువు సంగతి దేవుడెరుగు, స్నానానికే దిక్కు లేదు. యూనివర్సిటీ నోటీసు బోర్డు చూసి ఒక జర్మన్ ముసలావిడ ఇంట్లో గదికి మారాను. ఎనభైకి దగ్గర పడిన ఒంటరి మనిషి. తోటపనికీ బట్టలారేయడానికీ సాయపడాలి, చప్పుడు చెయ్యకూడదు. అంతే షరతులు. పేరు పెట్టి పిలవమంది గానీ నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని.

అంత నిశ్శబ్దంలో చదివి కూడా ఒక పేపరు తప్పాను. రెండోసారి తప్పితే వీసా పొడిగించరు. ఆ గది పోయిందంటే మళ్లీ ఆరుగురి మధ్యకు వెళ్లాలి, అక్కడికి వెళితే తప్పడం ఖాయం. అందుకని ఆవిడ ముందు పిల్లిలా నడిచేదాన్ని.

ఆ ఇంట్లో పెరట్లోకి దిగడానికి ఒక రాతి మెట్టు ఉండేది, మా అమ్మ సన్నెకల్లు కంటే కొంచెం పెద్దది. వానలకు కింద మట్టి కొట్టుకుపోయి ఊగుతోంది. ఏప్రిల్ చివర్లో ఒక శుక్రవారం ఆంటీ డాక్టరు దగ్గరికి వెళ్లింది. వచ్చేలోగా రాయి లేపి కింద కంకర వేస్తే మెచ్చుకుంటుందని పార తీసుకున్నాను. లేపి చూస్తే అడుగున అక్షరాలు. లోతుగా, ఒద్దికగా చెక్కిన జర్మన్ అక్షరాలు. అంచు విరిగిపోయి మాట సగంలో ఆగిపోయింది.

ఒళ్లు జల్లుమంది. మాకు పుస్తకానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకోవడం అలవాటు. అలాంటిది ఏడు నెలలుగా చెప్పులతో అక్షరాల మీద తిరుగుతున్నాను! పేపరు ఎందుకు పోయిందో ఆ క్షణాన తెలిసిపోయింది. ఫోన్ కార్డు గీకి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

"సదువుల తల్లిని తొక్కుకుంట తిరిగితే సదువెట్లొస్తది బిడ్డా?" అంది అమ్మ. "ఎవల సమాధి రాయో ఏమో. మంచిగ కడిగి, ఇంత పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకో."

అమ్మ చెప్పాక ఇక ఆలోచనేముంది? రాయిని శుభ్రంగా కడిగి గోడకు నిలబెట్టాను. పసుపు రాశాను, అక్షరం అక్షరానికీ కుంకుమ పెట్టాను, పెరట్లో చామంతులు రెండు కోసి పైన ఉంచాను. తప్పయిందని లెంపలేసుకున్నాను. తల తిప్పితే వంటింటి కిటికీ వెనక ఆంటీ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. చాలాసేపు అలాగే చూసింది. సంతోషించిందనుకుని నవ్వాను కూడా, బుద్ధి లేక.

తలుపు తోసుకుని బయటికొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎవరు లేపమన్నారు? తీసెయ్! కడిగెయ్!"

చేతికర్రతో పువ్వులను కింద పడేసింది. గది పోయిందనే అనుకున్నాను. నీళ్లు పోసి బ్రష్షుతో రుద్దితే పసుపు పోయింది గానీ కుంకుమ రాతిలోకి ఇంకిపోయింది. ఇప్పుడు అక్షరాలు ఎర్రగా, గేటు దగ్గర్నుంచి కూడా చదవగలిగేలా తయారయ్యాయి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అనలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. పక్కింటి ముసలాయన గడ్డి కోసే మిషన్ తోసుకుంటూ వస్తున్నాడు. ఆయన వాళ్లన్నయ్య జర్మన్లతో యుద్ధంలో పోయాడు, సమాధి కూడా ఇక్కడ లేదు. ఏటా ఏప్రిల్ చివర్లో ఇక్కడందరూ యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకుని ఎర్ర కాగితపు పువ్వు పెట్టుకుంటారు. ఆయన కోటుకూ ఉంది.

ఆంటీ వెళ్లి రాతికి అడ్డంగా నిలబడింది. కర్ర చంకన పెట్టుకుని కోటు అంచులు రెండు పక్కలా పరిచి పట్టుకుంది. అంత పెద్ద మనిషి అలా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. ఏమిటో తెలియకుండానే వెళ్లి ఆవిడ పక్కన నేనూ నిలబడ్డాను.

ఆయన మా ఇద్దర్నీ, మా కాళ్ల దగ్గర ఎర్రటి నీళ్లనూ చూశాడు. "గడ్డి తడిగా ఉంది. రేపొస్తాలే" అని మిషన్ వెనక్కి తిప్పాడు. రాయి చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇద్దరం కలిసి రాయిని మళ్లీ బోర్లించాం. లోపల కూర్చున్నాక ఆవిడే మొదలుపెట్టింది.

"మా ఊరి బయట గుట్ట మీద పెద్ద స్తంభం ఉండేది. మొదటి యుద్ధంలో పోయినవాళ్ల కోసమని ఊరంతా చందాలేసుకుని కట్టారు. మా నాన్న రాతిపనివాడు. అక్షరాలు ఆయనే చెక్కాడు. ఏటా బడి పిల్లలం దివిటీలతో వెళ్లేవాళ్లం. పోయినవాళ్ల కోసం ఏడవడానికి కాదు. మళ్లీ యుద్ధం రావాలని పాడటానికి."

వచ్చింది. ఆవిడ అన్నలిద్దరూ పోయారు. ఓడిపోయాక ఆ స్తంభాన్ని పడగొట్టమని గెలిచిన సైన్యం ఉత్తరువిచ్చింది. కట్టినవాళ్లే పడగొట్టాలి. తను చెక్కిన అక్షరాల మీద ఆవిడ తండ్రే సుత్తి వేశాడు. విరిగిన ముక్క ఒకటి పనిముట్ల పెట్టెలో పెట్టుకుని ఓడెక్కాడు. ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు తన చేత్తోనే దాన్ని మెట్టుగా బోర్లించి, ఇంట్లో అందరూ రోజూ తొక్కాలన్నాడట.

"పక్కింటాయనకు తెలుసా?"

"నలభై ఏళ్లుగా నా గడ్డి కోస్తున్నాడు. ఎలా చెప్పను?"

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "నన్ను గది ఖాళీ చెయ్యమంటారా?"

"గదా?" అని వింతగా చూసింది. "ఉండు. నా భయం నీ వల్ల కాదు." తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది. "కిటికీలోంచి చూసినప్పుడు నాకు ముందు కోపం రాలేదు. బాగుందనిపించింది. నాన్న ఎంత బాగా చెక్కాడో అనిపించింది. ఆ పాట నోటికొచ్చింది. మొత్తం వచ్చింది. ఒక్క మాట మర్చిపోలేదు."

గది నిలిచింది. గుండె తేలికపడాలి కదా, పడలేదు. ఆ పాట ఎలాంటిదో నాకు తెలుసు. ఎనిమిదేళ్లప్పుడు మా బస్తీలో ఊరేగింపు పోతుంటే బాబాయి భుజాలెక్కి అందరితో పాటు నేనూ అరిచాను. ఎవరిని తిడుతున్నామో తెలిసే అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. అంత సంతోషం అంతకుముందు ఎరగను. ఆ సాయంత్రమే మా గాజులాయన కొట్టు తగలబెట్టారు. కర్ఫ్యూ ఎత్తేశాక అమ్మ నన్ను గాజులకు తీసుకెళ్లింది. ఆయన కాలిన కొట్టు ముందు ఒక రేకు పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. నేను పిడికిలి బిగించి ఎంతకూ చెయ్యి ఇవ్వలేదు.

ఎవరికీ చెప్పని ఈ సంగతి ఆంటీకి చెప్పాను.

"ఆయనేమన్నాడు?" అని అడిగింది.

ఇంగ్లీషులో ఎలా చెప్పాలో కాసేపు వెతుక్కున్నాను. ఆయన నా పిడికిలిని రెండు చేతుల మధ్య పెట్టుకుని మెల్లగా నొక్కుతూ, "చెయ్యి వదులు చెయ్ బేటా, నేన్నీకు తెలుసు గద, భయమెందుకు" అన్నాడు.