దానియేలు అట్టముక్క

కొత్తపేటలో మేముండే బిల్డింగులో కింది వాటా దానియేలుది, పై వాటా మాది. శనివారం సాయంత్రమైతే చాలు, అతను ఢోలక్ బయటికి తీసేవాడు. మర్నాడు చర్చిలో పాడాల్సిన పాటలు భార్య హెప్సిబా అందుకునేది. మా వంటింట్లో గిన్నెలు కూడా తాళం వేసేవి. ఇక చాలించవయ్యా అని మెట్ల మీంచి కేకేస్తే, "ఇంకొక్క పాట అక్కా!" అనేవాడు. ఆ ఒక్క పాట ఏనాడూ ఒక్కటితో ఆగింది లేదు.

పగలు అతనిది ఇంకో మోత. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక షెడ్డులో మెకానిక్. పొక్లెయిన్‌కి తవ్వే బకెట్ విప్పేసి, దాని చోట కాంపాక్టర్ అనే బరువైన ఇనప పలక తగిలిస్తారు. పైపులు వేసి పూడ్చిన చోట అది దడదడలాడుతూ మట్టిని అదిమి గట్టి చేస్తుంది. దాన్ని పనికి పంపేముందు సిద్ధం చేసేది దానియేలే. అంటుకున్న మట్టి కడిగేవాడు. బోల్టులు బిగించేవాడు. అదురు తట్టుకునే రబ్బరు దిమ్మెలు పగుళ్లిచ్చాయేమో తడిమి చూసేవాడు. నూనె గొట్టాలు విప్పాలంటే, ఇంజిన్ ఆపాక కూడా లివర్లు ఆడించి, లోపల మిగిలిన ఒత్తిడి దించితే గాని స్పానర్ ముట్టుకునేవాడు కాదు. బండి నడిపే ఉపేందర్ తొందరపడితే, "ఏంది, నీ పెండ్లి ముహూర్తం దాటిపోతుందా?" అని కసిరేవాడు.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం అట్టముక్కది. ఆ పలకను ఆడించేది నూనె ఒత్తిడి. నూనె పారే గొట్టం ఎక్కడైనా కారుతోందేమో చూడాలంటే, ఇంజిన్ నడుస్తుండగా దాని మీద చెయ్యి పెట్టకూడదు. అట్టముక్కను గొట్టం వెంట జరిపి, మరక పడిందేమో చూడాలి. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో పోగేసిన మామిడిపండ్ల డబ్బాల అట్టలు, మార్కెట్ వెళ్లిపోయిన తర్వాత కూడా అతని మంచం కింద ఉండేవి. షెడ్డులో అతని పేరే అట్ట దానియేలు. ఎందుకయ్యా అంత పట్టింపు అంటే, "నూనె సలసల కాగుతుంటది అక్కా, చెయ్యి కాలుతది. మా ఉస్తాద్ రామస్వామి నెత్తి మీద మొట్టి మరీ చెప్పిండు" అనేవాడు.

పోయినేడు ఈస్టర్ ముందు శనివారం అకాల వాన పడి షెడ్డులో అట్టలన్నీ తడిసిపోయాయి. కొత్త గొట్టం బిగించి ఇంజిన్ నడిపిస్తుంటే, ఆ గొట్టం పక్కన పొగలా సన్నగా ఏదో లేచింది. దానియేలు అట్ట అందుకున్నాడు. అది చేతిలోనే ముద్దై విడిపోయింది. విసుగ్గా దాన్ని పారేసి, కుడి అరచేత్తో గొట్టాన్ని ఒక్కసారి తుడిచాడు. చీమ కుట్టినట్టయింది. చూస్తే బొటనవేలి కింద ముల్లు గుచ్చుకున్నంత రక్తపు చుక్క.

ఉపేందర్ ఇంజిన్ ఆపి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, దవాఖానకు పోదాం పా."

"దేనికి? కాలలేదు కదా!" అని నవ్వాడట దానియేలు. "బతికిపోయిన. మా ఉస్తాద్ చూస్తే తన్నేటోడు."

ఇంటికొచ్చి ఆ చుక్క మీద పసుపు అద్దుకున్నాడు. చెయ్యి జర మొద్దుబారినట్టుందని మాత్రం అన్నాడు. తర్వాత ఢోలక్ తీశాడు. పండగ కదా అని ఆ రోజు నేను కేకెయ్యలేదు. దరువు అక్కడక్కడా తప్పడం మాత్రం పైకి వినిపించింది. అంతకుముందు ఎప్పుడూ తప్పింది లేదు.

తెల్లారేసరికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బి, వేళ్లు నల్లబడ్డాయి. హెప్సిబా ఏడుస్తూ ఆటో ఎక్కించి ఎల్‌బీ నగర్‌లో దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడ డాక్టర్ చెప్పిన సంగతి హెప్సిబా తర్వాత నాకు చెప్పింది. అసలు భయం వేడి గురించి కాదట. ఆ సన్నటి ధార సూదిలా చర్మాన్ని పొడిచి, నూనెను లోపలికి ఎక్కిస్తుందట. మొదట నొప్పి కూడా పెద్దగా తెలియదట. వెంటనే వచ్చుంటే కోసి, కడిగి, చెయ్యి దక్కించేవాళ్లేమో. మణికట్టు పైదాకా తీసేశారు.

దానియేలు ఏడవలేదు. అన్నం తినేటప్పుడు ఎడమ చేతిలోంచి ముద్ద జారిపోయినా ఏడవలేదు. ఒక్కటే మాట పట్టుకున్నాడు. "ఉస్తాద్‌ను అడగాలె. అంతా తెలిసి సగమే చెప్పిండు." హెప్సిబా ఎంత నచ్చజెప్పినా వినేవాడు కాదు. ఆ కోపం మీదే బతుకుతున్నట్టుండేవాడు.

రామస్వామి దిల్‌సుఖ్‌నగర్‌లో కూతురింట్లో ఉంటాడు. కబురు ఆలస్యంగా తెలిసి, మోకాళ్లు పట్టుకుంటూ బత్తాయిల సంచితో వచ్చాడు. నేను చాయ్ తీసుకుని కిందికి వెళ్లేసరికి, ఆయన ఆ మొండి చేతిని చూస్తూ కూర్చున్నాడు.

"ఉస్తాద్, పైపు మీద చెయ్యి ఎందుకు పెట్టొద్దన్నరు?" అన్నాడు దానియేలు.

"కాలుతదని, బిడ్డా."

"లోపలికి దూరుతదని ఎందుకు చెప్పలే?"

"దూరుడేంది?" అన్నాడు ముసలాయన, ఏమీ అర్థం కాక.

హెప్సిబా డాక్టర్ మాటలు చెప్పింది. రామస్వామి రెండు చేతులూ ఒళ్లో పరుచుకుని వాటినే చూసుకున్నాడు. "మా ఉస్తాద్ నాకు గట్లనే చెప్పిండు. కాలుతదనే. నాకు తెల్వదు బిడ్డా. నిజంగ తెల్వదు."

అన్నాళ్లూ దాచుకున్న కోపం ఎవరి మీద పొయ్యాలో దానియేలుకు తెలియలేదు. అప్పుడు ఏడ్చాడు. ఉస్తాద్ భుజం మీద తలపెట్టి, పక్కింటివాళ్లు తలుపులు తీసి చూసేంతగా ఏడ్చాడు. గుడ్డ కప్పిన ఢోలక్‌కి ఆనుకుని హెప్సిబా నేల మీద కూలబడింది. చాయ్ అందరి ముందూ చల్లారిపోయింది.

చాలాసేపటికి దానియేలు ముఖం తుడుచుకున్నాడు. "మీ దగ్గర పని నేర్చుకున్నోళ్లు ఇంకెందరున్నరు ఉస్తాద్?"

"చానామంది. సూర్యాపేట దాకా ఉన్నరు."

దానియేలు ఉస్తాద్ ఫోను తీసుకుని, ఎడమ బొటనవేలితో తడబడుతూ అందులో ఉన్న ఒక శిష్యుడి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి ముసలాయన నోటి దగ్గర పట్టుకున్నాడు. అవతల ఏదో ఇంజిన్ మోత. దాని మీంచి, "ఉస్తాద్! ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా?" అని ఎవరిదో సంబరం.

రామస్వామి ఫోనుకు దగ్గరగా వంగాడు.

"ముందుగాల ఇంజిన్ బంద్ చెయ్ బిడ్డా," అన్నాడు. "నీ రెండు చేతులు మంచిగున్నయా?"