చక్రాలు దించే మీట

విమానం ఆటలో మీటలన్నీ నోటుబుక్కులో రాసుకుని, వారం రోజులు ఇంటర్వ్యూ ప్రశ్నల్లా బట్టీ పట్టాను. ఈ రోజైనా ఆటలోని బేగంపేట విమానాశ్రయంలో క్షేమంగా దిగాలని అమీర్‌పేట నెట్ సెంటర్‌కు వెళ్తే, మూలనున్న కంప్యూటరే ఖాళీగా దొరికింది. రన్‌వే దగ్గరపడింది. చక్రాలు దిగాలంటే 'జి' నొక్కాలి. కిందికి చూస్తే కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి ఉన్నాయి!

"యాదన్నా, జి ఎక్కడ?" అని సెంటర్ యజమానిని అడిగాను.

"ఎఫ్ పక్కకే ఉంటది తమ్మీ."

"ఎఫ్ ఎక్కడ?"

ఆయన లేచి వచ్చేలోపు నా విమానం పొట్ట మీద పాకి ఆగింది. సరిగ్గా అప్పుడే అసలు విమానమొకటి మా కప్పు మీదుగా బేగంపేట వైపు దిగింది.

యాదన్న పైకి చూసి, "గా పైలట్‌కు జి దొర్కినట్టుంది," అన్నాడు.

దిగడానికి 'అవరోహణ' అనే అందమైన మాట కూడా రాసుకున్నాను. 'జి' ఎక్కడుంటుందో మాత్రం రాసుకోలేదు. కీబోర్డు చూడకుండా చెప్పండి, మీకైనా తెలుసా?