మెట్ల కాడ ఖాలీ

మా జట్టులో నలుగురం ఉండేవాళ్ళం. మా వీరుణ్ణి అడిగితే మాత్రం ఒక్కడే ఉండేవాడు.

ఫోన్‌లో ఆడే ఆట అది. నలుగురు కలిసి ఒక దీవి మీద దిగాలి, తుపాకులు వెతుక్కోవాలి, మిగతా జట్లన్నీ చచ్చేదాకా బతికుండాలి. దెబ్బ తిని కూలినవాడు వెంటనే చావడు, కాసేపు నేల మీద పాకుతాడు. ఆలోగా ఎవరైనా పక్కన కూర్చుని కట్టు కడితే లేస్తాడు. దాన్నే మేము ‘లేపడం’ అంటాం. మా వీరుడు తన జన్మలో ఎవర్నీ లేపిన పాపాన పోలేదు. "ఆగన్నా, గా ఒక్కన్ని కొట్టి వస్త" అనేవాడు. ఆ ఒక్కణ్ణి కొట్టి వచ్చేసరికి ఇక్కడ మనం ఉండం. అదే తను కూలితే మాత్రం "లేపుండ్రి, లేపుండ్రి, ఏం జేస్తుండ్రు బై!" అని చెవులు చిల్లులు పడేలా అరిచేవాడు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరని మా అవ్వ అంటుంది. మా జట్టులో ఆ చిక్కు లేదు. ఎక్కేవాడు ఒక్కడు, మోసేవాళ్ళు ముగ్గురు.

కరీంనగర్‌లో నేను ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీలోనే వాడు చదివాడు. చదివాడు అనడం మర్యాద కోసం. ఇంట్లో భూములున్నాయి, చేతిలో ఎప్పుడూ కొత్త ఫోన్ ఉండేది. ఒప్పుకోవాలి, గురి మాత్రం ఉంది. ఎగిరే కాకిని కూడా కొట్టగలడు. ఆ గురే మా కొంప ముంచింది. ఆట అయ్యాక ఎవరెంతమందిని చంపారో తెర మీద వస్తుంది. ఆ బొమ్మలో మా మూడు పేర్లూ కత్తిరించి, తన పేరొక్కటే స్టేటస్‌లో పెట్టుకునేవాడు. దాని కింద వాళ్ళ మేనమామలు, బాబాయిలు దండం గుర్తులు పెట్టేవాళ్ళు. ఆటంటే ఏమిటో వాళ్ళకు తెలియదు, మనవాడు గెలిచాడని మాత్రం తెలుసు.

జట్టులో ఇంకొకడు గ్రానైట్ యార్డులో సూపర్‌వైజరు. వీరుడు ఏమన్నా "అవునే, కరెక్టే" అనడం ఆయన పని. ఆ పని మాత్రం ఏ రోజూ ఎగ్గొట్టలేదు.

నేనూ ఏం తక్కువ తినలేదు. జట్టంటే ఎలా ఉండాలో నాకు బాగా తెలుసని నా నమ్మకం. గీడ ఉన్నడు, గాడ ఉన్నడు అని ఎవడికి వాడు అరుస్తుంటే ఎవడికీ ఏమీ అర్థం కాదని, ఏ దిక్కును ఏమనాలో, ముందు ఎవరు చెప్పాలో, ఎవరు ఎవరి వెనక నిలబడాలో ఒక కాగితం మీద రాసి, కాలేజీ ప్రింటర్ మీద నాలుగు కాపీలు తీశాను. మీద, కింద, ఎడమ, కుడి. చిన్నపిల్లలకు నేర్పినట్టు రాశాను. మిర్చి బజ్జీల బండి దగ్గర వీరుడి చేతిలో పెడితే "అన్నా, గిదేం సిలబస్? పరీక్ష గిట్ల పెడ్తవా?" అని నవ్వి, ఆ కాగితంతోనే బజ్జీ నూనె ఒత్తుకున్నాడు. సూపర్‌వైజరు కూడా ఒత్తుకున్నాడు.

ఆ కాగితాన్ని చదివింది కాకా ఒక్కడే. కాకాకు భైంసాలో ఎరువుల దుకాణం, నలభైకి దగ్గర వయసు. ఒకసారి ఆటలో అనుకోకుండా మాతో కలిశాడు, అలాగే ఉండిపోయాడు. తుపాకీ పేల్చడం సున్నా. ఏనుగు ఎదురుగా నిలబడ్డా తగలదు. కానీ చూపుంది చూశారూ, అది మా ఎవరికీ లేదు. దూరంగా ఏ మిద్దె మీదో కూర్చుని, ఏ పొద వెనక ఎవడు కదిలాడో మాకంటే ముందే చెప్పేవాడు. నేను పంపిన కాగితాన్ని కాటా పక్క గోడకు అంటించుకుని బట్టీ పట్టాడు. "దుకాణంల నా మాట ఎవ్వరింటరు తమ్మీ, అందరు బేరమే జేస్తరు. గీడ నేనొక్క మాటంటె ముగ్గురు ఉరుకుతరు" అని ఒకసారి నాతో అన్నాడు. ఆ జట్టులో చోటు మా ముగ్గురికీ కాలక్షేపం, ఆయనకు గౌరవం.

కాకా ఇంట్లో మరాఠీ. తెలుగు బాగా మాట్లాడతాడు కానీ కంగారు పడితే ఇంటి మాట బయటికి వస్తుంది. మిగతా ఇద్దరికీ అది ఇబ్బందే. నాకు కాదు. మా అవ్వ పుట్టిల్లు భైంసా పక్క ఊరే. చిన్నప్పుడు అల్లరి చేస్తే "ఖాలీ బస్" అని కసిరేది. మరాఠీలో కింద కూర్చో అని. మా బాపు బస్సు కండక్టరు. "ఏదీ ఖాలీ బస్సు? నా సర్వీసుల నేనెన్నడు చూడలే" అని నవ్వేవాడు. మా దిక్కున ఖాళీని ఖాలీ అనే అంటాం మరి.

ఈ ఆటకు పోటీ ఒక ఆదివారం, కరీంనగర్ శివారు ఫంక్షన్ హాలులో జరిగింది. గెలిచిన జట్టు ఫైనలుకు హైదరాబాద్ పోతుంది. కాకా మొదటి బస్సెక్కి, నిర్మల్‌లో మారి, పది గంటలకల్లా వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా, అందులో నలుగురికీ జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి దంచి చేసిన ఠేచా. "మా ఆమె పొద్దుగాల్నే లేచి చేసింది" అన్నాడు. వీరుడు డబ్బాలోకి తొంగిచూసి "కాకా, గిది జాతర అనుకున్నవా?" అని బిర్యానీ తెప్పించుకున్నాడు.

మూడు ఆటలు ఆడాలి. రెండో ఆటలో ఒక గోడ పక్కన కూలిపోయాను. వీరుడు రెండడుగుల దూరంలో ఉన్నాడు. చూశాడు కూడా. "వస్త అన్నా, గా ఒక్కన్ని..." అంటూ నా పక్కనుంచే పరుగెత్తుకుపోయాడు. మిద్దె దిగి, అంత దూరం తూటాల మధ్య పాకుతూ వచ్చి నన్ను లేపింది కాకా. నా ఒళ్ళు మండిపోయింది. అయినా రెండాటలు ముగిసేసరికి మేము రెండో స్థానంలో ఉన్నాం.

మూడో ఆటలో నాలుగు జట్లు మిగిలాయి. సూపర్‌వైజరు అప్పటికే పోయాడు. వీరుడు ఒక రెండంతస్తుల ఇంట్లో పై గదిలో ఉన్నాడు. నేను ఆ ఇంటి ప్రహరీ బయట దాక్కున్నాను. కాకా ఎదురుగా గుట్ట మీద ఉన్నాడు. ఇద్దరు శత్రువులు వెనక తలుపులోంచి దూరి మెట్ల కింద నక్కడం ఆయనొక్కడికే కనిపించింది. హాలులో నా పక్క కుర్చీలోంచి ఒక్కసారిగా లేచి నిలబడి "మెట్ల కాడ ఖాలీ! ఖాలీ! ఖాలీ!" అని అరిచాడు.

"ఖాలీనా? పోతున్న!" అన్నాడు వీరుడు.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని అనుకోవడానికి కూడా వీల్లేనంత స్పష్టంగా అర్థమైంది. ‘కింద ఉన్నరు’ అని రెండు మాటలంటే చాలు. మైకు తెరిచే ఉంది. మెట్లు దిగడానికి ముందు వాడు తుపాకీలో తూటాలు కూడా నింపుకున్నాడు, అంత సమయం ఉంది. దిగు బిడ్డా, దిగు, అనుకున్నాను. దిగాడు. రెండు తుపాకులు ఒకేసారి మోగాయి. సంతోషమేసింది, దాచుకోవడం ఎందుకు. "లేపుండ్రి, లేపుండ్రి!" అని వాడు అరుస్తుంటే ఇంకా సంతోషమేసింది. ఆ తర్వాత వాళ్ళు నన్ను కొట్టారు, ఆ తర్వాత కాకాను. హైదరాబాద్ వేరేవాళ్ళు పోయారు.

వీరుడు హెడ్‌ఫోన్స్ బల్ల మీదికి విసిరేశాడు. "ఖాలీ అన్నవు గద కాకా!"

"ఖాలీ అంటె కింద, తమ్మీ. కింద ఉన్నరని..."

"మరాఠీ గిరాఠీ నీ దుకాణంల మాట్లాడుకో. తెలుగు రానోన్ని పెట్టుకుంటె గిట్లనే అయితది. రేపటి సంది నువ్వు రాకు."

"అవునే, కరెక్టే" అన్నాడు సూపర్‌వైజరు.

ఆడలేక మద్దెల ఓడు అని వీరుణ్ణి వంద సార్లు వెక్కిరించినవాణ్ణి నేను. ఆ రోజు మద్దెల ఓడే. దానికి చిల్లు పెట్టింది నేనే. కాకా నా వైపు చూశాడు. వీరుడు అన్నా అని పిలిచేవాణ్ణి, కాగితాలు పంచినవాణ్ణి, ఏదో ఒకటి అంటానని చూశాడు. నేను చార్జరు వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను. అంత శ్రద్ధగా వైరు చుట్టినవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు.

ఆటోలో ఆయన్ని బస్టాండుకు తీసుకుపోయాను. అదొక్కటే నేను చేసిన ఉపకారం. నిర్మల్ బస్సు కోసం నిలబడ్డాం. చివరికి అడిగాడు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత. మీ అవ్వది మా దిక్కే అంటివి గద. గప్పుడు నేనన్నది నీకైన సమజైందా?"

"వినబడలే కాకా. సప్పుడు మస్తుండె" అన్నాను.

ఆయన ముఖంలో అనుమానం కాదు, సిగ్గు కనిపించింది. "అట్లనా. నీకే వినబడలేదంటె ఇగ నాదే తప్పు. అంత పరేషాన్ల గూడ తెలుగుల జెప్పాలె గద" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన సీటు పట్టుకుని, తల బయటికి పెట్టి నన్ను పిలిచాడు.

"గా పిల్లగానికి చెప్పు తమ్మీ. కాకా కావాలని చెయ్యలేదని చెప్పు."

"చెప్త కాకా" అన్నాను.

కావాలని చేసినవాడు ఆ బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి చెయ్యి ఊపాడు.