గాలి ట్యాంకులో నీళ్లు

మా మరిదికి ఏ బండిదైనా ముందు కడుపు చూడాలి. తన పెళ్లినాడు హాలు బయట ఎవరిదో పాత మిలటరీ లారీ ఆగి ఉంటే కొత్త చొక్కాతోనే దాని కిందకి దూరాడు. పెళ్లికూతురు ఎలా ఉందిరా అని మా ఆయన అడిగితే "గేర్‌బాక్సు బాగుందన్నయ్యా" అన్నాడట. ఆ మాట పట్టుకుని మా తోడికోడలు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

రాళ్ల క్వారీ వర్క్‌షాపులో మెకానిక్కు అతను. క్వారీ వాళ్లు మిలటరీ తీసేసిన బండ్లు కొన్నారు. అన్నీ సోవియట్ కాలంనాటివి. పొడుగాటి ముక్కు, ఆరు చక్రాలు, ఆరూ లాగుతాయి. అన్నింటిలోకీ పెద్దదాన్ని ఏనుగు అనేవాళ్లు. దాన్ని నడిపింది మా ఆయన. అన్న తోలేవాడు, తమ్ముడు బాగుచేసేవాడు. మీటర్ల మీద రష్యా అక్షరాలు ఇద్దరికీ రావు. అందుకని మరిదే వాటికి దాహం, ఆకలి, ఊపిరి అని పేర్లు పెట్టాడు. నీళ్లదీ, డీజిలుదీ, గాలిదీ.

ఆ బండికి బ్రేకులు గాలితో పడతాయి. గాలి నిలవుండే ట్యాంకుల్లో రోజంతా చెమ్మ చేరుతుంది. సాయంత్రం ఒక్కో ట్యాంకు అడుగునున్న రింగు లాగితే ఆ నీరు బుస్సుమని పోతుంది. మాది మంచు కురిసే కొండ ప్రాంతం, చలికాలంలో అలా తీయకపోతే ఆ నీరు రాత్రికి గొట్టంలోనే గడ్డకడుతుంది. పొద్దున బ్రేకు తొక్కితే గాలి అందదు. బండ్ల సంగతి నాకేం తెలుసు, వీళ్ల మాటలు వినీ వినీ ఇంతమాత్రం వచ్చింది. ఆ నీళ్లు తీయడాన్ని వాళ్లు ఏనుగుకి ముక్కు చీదించడం అనేవాళ్లు. "చీదించావట్రా?" అని ఈయన అడిగేవాడు. "చీదించి పడుకోబెట్టానన్నయ్యా" అనేవాడు తను. కొన్నాళ్లకి ఈయన అడగడం కూడా మానేశాడు. తమ్ముడుండగా అడగడమెందుకు?

మరిదికి ఇంకో పిచ్చి ఉండేది. ఒకదాని మీద ఒకటి టక్కున అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలున్నాయి కదా, పిల్లలు ఆడుకునేవి, వాటితో ఈ బండ్లే కట్టేవాడు. పాతసామాన్ల కొట్లో కుప్పలుగా తెచ్చి, రంగులవారీగా ఏరి, కడిగిన గ్రీజు డబ్బాల్లో పోసుకునేవాడు. మిలటరీ పచ్చరంగు ముక్క దొరికితే పండగే. జిల్, ఉరల్ అనే రష్యా లారీలు కట్టాడు, క్షిపణులు మోసే ఎనిమిది చక్రాల బండి కూడా కట్టాడు. ఏది కట్టినా తీసుకొచ్చి నా ముందు బోర్లా పెట్టేవాడు.

"తిప్పి పెట్టవయ్యా, తాబేల్లా ఉంది" అనేదాన్ని.

"పైనేముంది వదినా, రేకు. బండంటే కిందే."

ఏనుగు క్వారీ వాలులో ఆగకుండా దిగిపోయింది ఒక చలికాలం పొద్దున. నిండా రాళ్లున్నాయి. మా ఆయన దాన్ని గట్టుకేసి కొట్టి ఆపాడు. కింద పనిచేసేవాళ్లెవరికీ ఏం కాలేదు. ఆయన మాత్రం ఇంటికి రాలేదు.

ముందురోజు సాయంత్రం మరిది రింగులు లాగలేదు. బొమ్మబండికి కావలసిన రబ్బరు చక్రాల పొట్లం వచ్చిందని కొట్టు నుంచి కబురొస్తే, కొట్టు మూసేస్తారేమోనని తొందరగా వెళ్లిపోయాడు. ఎవరూ కనిపెట్టింది కాదు. తనే అందరికీ చెప్పాడు. వర్క్‌షాపులో చెప్పాడు, విచారణకొచ్చినవాళ్లకి చెప్పాడు. బండి పాతదన్నారు వాళ్లు. చుట్టాలు నీ తప్పేముందిరా అన్నారు.

నాకు చెప్పడానికి చాలాసార్లు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి "వదినా, ఆ సాయంత్రం..." అని మొదలుపెట్టగానే "పోనీలేవయ్యా, రాసిపెట్టి ఉంది" అనేదాన్ని. ఎంత మంచి మనసో అనుకున్నారు విన్నవాళ్లు. అది మంచితనం కాదు. ఆ మాటతో తలుపు మూసేస్తున్నానని నాకు తెలుసు, అతనికీ తెలుసు. రాసిపెట్టి ఉందన్నాక ఇంక క్షమించమని ఎలా అడుగుతాడు? అడగనివ్వకుండా ఉంటే నాకేదో కాస్త ఊరటగా ఉండేది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాత రావడం మానేశాడు. పనీ మానేశాడు.

ఒకరోజు తోడికోడలు వచ్చి వంటింట్లో పీట మీద కూలబడింది. "అక్కా, మీ మరిది ఇటుకల దగ్గర్నుంచి లేవడం లేదు. మిగతా బండ్లన్నీ విప్పేశాడు. ఏనుగునొక్కదాన్నే కడతాడు, విప్పుతాడు, మళ్లీ కడతాడు. పగలగొట్టినా బాగుండును. వర్క్‌షాపు నుంచి రెండుసార్లు పిలిచారు, పలకడు. ఈ వారం రాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటారట. నీ తప్పు లేదని మీరొక్క మాట చెప్పండక్కా. మీరు చెప్తే వింటాడు."

చెబుతాననే బయల్దేరాను. దారిపొడుగునా ఆ మాటే అనుకుంటూ నడిచాను.

ముందుగదిలో కిటికీ కింద కూచుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవబోయి, ఒళ్లో ముక్కలుంటే మళ్లీ కూచున్నాడు. ఎదురుగా సగం కట్టిన ఏనుగు బోర్లా ఉంది. చక్రాలు లేవు, క్యాబిన్ లేదు. ట్యాంకులు మాత్రం పెట్టేశాడు. ఒక్కోదానికీ దారంతో సన్నటి రింగు కట్టాడు.

తోడికోడలు నా వెనకే నిలబడి "చెప్పండక్కా" అంది.

ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. అతని పక్కన నేలమీద కూచున్నాను.

"ఆ సాయంత్రం ఏమైందో చెప్పు" అన్నాను.

తలెత్తి చూశాడు. చెప్పాడు. కొట్టు మూసేస్తారేమోనన్న తొందర, గేటు దాకా వెళ్లి గుర్తొచ్చి ఆగడం, ఒక్కరోజుకేమౌతుందిలే అనుకోవడం. ఆ గేటు సంగతి ఎవరికీ చెప్పలేదట.

"గుర్తొచ్చిందా?"

"వచ్చింది వదినా."

"వచ్చీ వెళ్లిపోయావు."

"వెళ్లిపోయాను."

"అక్కా" అంది తోడికోడలు గాభరాగా. "బావగారు మాత్రం పొద్దున ఎక్కేముందు చూసుకోవద్దూ?"

"అన్నయ్యనేం అనకు" అన్నాడు. అన్నాళ్లలో అతను గొంతు పెంచింది అదే మొదటిసారట.

"ఆయన చూసుకోడు" అన్నాను. "నువ్వు చేసే ఉంటావని ధీమా. తప్పు నీదేనయ్యా. రాసిపెట్టి ఏం లేదు."

తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరిది మాత్రం ఎవరో వీపు మీంచి బరువు దించినట్టు ఒక్కసారి ముందుకి వంగిపోయాడు. అన్న పోయినప్పుడు కూడా ఏడవనివాడు, ముక్కలన్నీ ఒళ్లోంచి జారిపోతుంటే వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఊరుకోమనలేదు. నాకూ ఆగలేదు.

చాలాసేపటికి, "నన్ను చూస్తే నీకు కోపం వస్తుందా వదినా?" అన్నాడు.

"వస్తుంది. రేపూ వస్తుంది. నిన్ను గుమ్మంలోనే నిలబెట్టి పంపించాను చూడు, అందుకు నా మీదా వస్తుంది."

"అది నువ్వు..."

"నా తప్పు నన్ను చెప్పనీ. తప్పులన్నీ నీవే అయితే ఎలా?"

ఏడుస్తూనే కొంచెం నవ్వొచ్చింది అతనికి.

"సాయంత్రాలు ఇంటికి రా" అన్నాను. "కోపం తగ్గాక రమ్మంటే ఎప్పటికీ రావు. కోపంగా ఉండగానే రా. పనినుంచి వస్తూ రా."

"బండి కిందకి దూరితే చేతులు వణుకుతాయి వదినా. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

"వణికితే వణకనీ. ఒక్కరోజుకేమౌతుందిలే అని నీ చేతులు ఇంకెప్పుడూ అనవు."

అతను ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ కాసిని ఏరిపెట్టి లేచి వచ్చేశాను.

పనికెళ్లాడో లేదో మర్నాడు సాయంత్రం దాకా నాకు తెలీలేదు. చీకటిపడే వేళకి గుమ్మంలో అలికిడైంది. డీజిలు వాసన ముందొచ్చింది, వెనకే మరిది. ఈయన వాసన కూడా అదే. కోపం కూడా వచ్చింది, చెప్పినట్టే. పోనీలే అనే మాట మాత్రం అనలేదు. లోపలికి వచ్చి కూచోమన్నాను.