తెలిసిన రాయి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. కాటా అక్క నోరు ఏనాడూ మంచిది కాదు. అయినా కూరగాయల కొట్టు నుంచి నగల కొట్టు దాకా ఎవరి త్రాసు మొరాయించినా ఆమె గడప తొక్కాల్సిందే. ఇరవై ఆరేళ్లుగా ఇరుకు గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని త్రాసులు బాగుచేస్తోంది. ఏ త్రాసునైనా ముందు తనకు బరువు తెలిసిన రాయి వేసి చూస్తుంది. కొట్టు యజమాని ఎన్ని ఒట్లు పెట్టినా, ఆ రాయి బరువు సరిగ్గా చూపించాకే దాన్ని నమ్ముతుంది.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. కేన్సర్ అన్నారు. ఆపరేషన్ చేశారు. ఇక ఎక్కించబోయే మందుకు వేళ్ల కొసలు మొద్దుబారవచ్చనీ, కొందరికి ఆ తిమ్మిరి ఎప్పటికీ పోదనీ డాక్టరమ్మ చెప్పింది. జుట్టు ఊడుతుందంటే "దువ్వెన పని తప్పింది" అని నవ్వేసిన కాటా అక్క, వేళ్ల మాట వినేసరికి హడలిపోయింది. నగల త్రాసులో వెంట్రుకవాసి మర తిప్పాలంటే కంటికన్నా ముందు వేలికి తెలియాలి. ఆ వేళ్లే లేకపోతే తానేమిటి?

అదే అదనుగా తమ్ముడు ఒక డబ్బా పట్టుకొచ్చాడు.

"అక్కా, ఆ మందు వద్దే. ఈ ఆకు పొడి మూడు నెలలు తాగు. ఏఐని కూడా అడిగా, మంచిదనే చెప్పింది."

"ఏమని అడిగావురా?"

"ఈ పొడి కేన్సర్‌ని ఎలా తగ్గిస్తుందీ అని."

"అంటే జవాబు నువ్వే చెప్పి అడిగావన్నమాట. ఇలా తే ఫోను."

మరమేకు తీగ వేరు కేన్సర్‌ని ఎలా తగ్గిస్తుందని కాటా అక్క అదే ఏఐని అడిగింది. ఫోను గంగిరెద్దులా తలూపింది. పరిశోధనలున్నాయంది, పరగడుపున తాగమంది.

"ఈ తీగ ఎక్కడ దొరుకుతుందే?" తమ్ముడు ఆశగా అడిగాడు.

"నా బుర్రలో. ఇప్పుడే మొలిచింది. దొంగ కాటారా ఇది!"

తన ఫోనులో మరో ఏఐకి అదే రాయి వేసింది. అలాంటి మొక్క తనకు తెలియదని అది ఒప్పుకుంది. అప్పుడు తమ్ముడి పొడి గురించి అడిగింది. మనుషుల్లో పనిచేసినట్టు రుజువు లేదు, ఎక్కించే మందుకు అడ్డుపడవచ్చు, డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు అంది. చివరికి వేళ్ల గురించి అడిగింది. మందు ఎక్కేటప్పుడు చేతులకు ఐసు తొడుగులు వేస్తే కొందరికి తిమ్మిరి తగ్గిందట, అందరికీ కాదట. అది చెప్పిన మూడు అధ్యయనాల్ని విడిగా వెతికింది. ఒకటి ఎక్కడా కనిపించలేదు, కొట్టేసింది. మిగతా రెండూ కాగితం మీద రాసుకుని ఆస్పత్రికి వెళ్లింది.

"ఫోన్లో చదివొచ్చారా?" డాక్టరమ్మ ముఖం చిట్లించింది.

"చదివే వచ్చానండీ. పొడి తాగను, మీ మందే ఎక్కించుకుంటాను. కానీ నా వేళ్లు ఊరికే ఇవ్వను."

"ఐసు తొడుగులు ఇక్కడ అలవాటు లేదమ్మా. పనిచేస్తాయని గ్యారంటీ కూడా లేదు."

"గ్యారంటీ ఎవరడిగారు? ప్రయత్నం అడిగాను. తిమ్మిరి మొదలైన వారమే చెప్తాను, మోతాదు సంగతి అప్పుడు మాట్లాడదాం."

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. "సరే. ఐసు మాత్రం మీరే తెచ్చుకోవాలి."

వారానికోసారి మందు ఎక్కిన ఆ పన్నెండు వారాలూ ఐసు డబ్బా మోసింది తమ్ముడే. చలికి పళ్లు టకటకలాడుతున్నా ఆమె చేతులు తీయలేదు. వారం వారం బల్ల దగ్గర కళ్లు మూసుకుని కూర్చునేది. తమ్ముడు ఒక్కో వేలి కింద అన్నిటికన్నా చిన్న రాయి పెట్టేవాడు, ఒక్కోసారి గడుసుగా ఏమీ పెట్టకుండానే అడిగేవాడు. "ఉంది," "లేదు," అని ఆమె చెప్పాలి. తొమ్మిదో వారం ఎడమచేతి చివరి రెండు వేళ్లు తప్పు చెప్పాయి. కాటా అక్క ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఆ రోజే డాక్టరమ్మకు చెప్పింది. మోతాదు తగ్గించారు.

వైద్యం ముగిసిన వారానికి నగల కొట్టు పెద్దాయన త్రాసు పట్టుకొచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు.

"చేతులు ఎలా ఉన్నాయమ్మా? పోనీ ఇంకెవరికైనా ఇవ్వమంటావా?"

ఆమె త్రాసు లాక్కుని బల్ల మీద పెట్టింది. కళ్లు మూసుకుని మర తిప్పింది. తెలిసిన రాయి వేసి కళ్లు తెరిచింది. ముల్లు సరిగ్గా ఆ రాయి బరువు చూపే గీత మీద నిలిచింది.

"ఎనిమిది వేళ్లు బతికున్నాయండీ. మీ త్రాసుకి రెండు చాలు. కూర్చోండి."